సూదక్క లింకులు

మా వీధిలో కుట్టు మిషన్ల షోరూము ఉంది. దాని వెనక గదిలో పద్నాలుగేళ్ళు రిపేర్లు చేసిన మనిషిని అందరూ సూదక్క అనేవాళ్ళు. పని సూదులతో కాబట్టి కొందరు అలా అనేవాళ్ళు, మాట గుచ్చుకుంటుంది కాబట్టి కొందరు. రెండో రకంవాళ్ళే ఎక్కువ. అదే వీధిలో నాది బట్టలు కుట్టే దుకాణం. ఆమెకు నేనంటే గిట్టదు. నాకూ ఆమె మీద ప్రేమ కారిపోవడం లేదు. అయినా ఆమె సంగతి నేనే చెప్పాలి. జరిగినదాంట్లో నా పిరికితనం కూడా కొంత ఉంది.

ఆ వెనక గదికి కిటికీ లేదు. ఒక ట్యూబులైటు, నూనె మరకలతో నల్లబడిన బల్ల, చింపిన పాత చొక్కాల గుడ్డలు, అయస్కాంతానికి గుత్తిగా అతుక్కున్న విరిగిన సూదులు, అంతే. ముందు గదిలో ఓనరు నవ్వుతూ అమ్మిన మిషను ఆరు నెలలు తిరిగేసరికి వెనక గదికి చేరేది. ఆమె విప్పి చూసేది. ఇనుప గేరు ఉండాల్సిన చోట ప్లాస్టిక్ గేరు, దాని పళ్ళు ముసలివాడి పళ్ళలా అరిగిపోయి కనిపించేవి. ఎవరైనా అడిగితే "మీరు వాడటం సరిగ్గా లేదు" అని చెప్పమని ఓనరు ఆమెకు మొదటి నెలలోనే నేర్పాడు. జీతం కోసం ఆమె కూడా పద్నాలుగేళ్ళు ఆ మాట చెబుతూ వచ్చింది.

ఒకరోజు పొద్దున ఆసుపత్రి ఆయాలకు యూనిఫారాలు కుట్టే ఒకావిడ అదే మిషను మూడోసారి మోసుకొచ్చింది. షోరూములో నలుగురు కొనేవాళ్ళున్నారు. వాళ్ళ ముందే ఓనరు, "మీ చెయ్యి బరువమ్మా. కుట్టు అందరికీ అబ్బదు" అన్నాడు. ఆవిడ మొహం ఎర్రబడింది. మిషనును మళ్ళీ దుప్పట్లో చుట్టుకోబోయింది. సూదక్క వెనక గదిలోంచి స్క్రూడ్రైవరుతో వచ్చి, ఆ దుప్పటి లాగేసి, అద్దాల కౌంటరు మీదే మిషను విప్పేసింది. అరిగిన గేరు తీసి నలుగురి ముందూ పెట్టింది.

"ఆవిడ చెయ్యి బరువు కాదు, మీ కక్కుర్తి బరువు" అంది.

నలుగురూ ఒకరి వెనక ఒకరు బయటికి నడిచారు. సాయంత్రానికల్లా సూదక్క కూడా బయటికి నడవాల్సి వచ్చింది.

మర్నాడు ఓనరు వీధిలోని కుట్టు దుకాణాలన్నీ తిరిగాడు. ఆమె మంచి సామాన్లు తీసేసి పాతవి బిగించేదనీ, చేతివాటం కనిపెట్టి పంపించేశాననీ చెప్పాడు. అది పచ్చి అబద్ధమని నాకు తెలుసు. అయినా దారం నుంచి జిప్పుల దాకా నా సరుకంతా ఆయన దగ్గరిదే. ఆయన కన్నెర్ర చేస్తే నా దుకాణానికి తాళమే. రెండు రోజుల తరవాత ఆమె నా గుమ్మం దగ్గర నిలబడి, మిషను ఏమైనా చూడాలా అని అడిగింది. తలెత్తకుండా ఏమీ లేదన్నాను. అప్పుడు నా కాళ్ళ కింద మిషను టక్కుటక్కుమని దారం తెంపుతూనే ఉంది. ఆమె ఆ చప్పుడు విని, నా వంక ఒక్కసారి చూసి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె ఉండేది అన్నయ్య ఇంట్లో. ఆయన మున్సిపాలిటీలో గుమస్తా, నోట్లో నాలుక లేని మనిషి. ఆ నాలుక కూడా వదినకే ఉండేది. వరండా చివర ఒక పరుపు, ఒక ఇనుప పెట్టె, అదీ సూదక్క వాటా. జీతం తెచ్చినన్నాళ్ళూ వదిన "మా ఆడపడుచు" అనేది. ఉద్యోగం పోయాక "ఈవిడ" అనడం మొదలుపెట్టింది. ఆమె పడుకునే చోట బట్టలు ఆరేయడం, ఆమె కూర్చున్నప్పుడే ఫ్యాను కట్టేయడం, భోజనాల వేళకు గిన్నెలు కడిగి బోర్లించడం. పొమ్మనలేక పొగబెట్టడం అంటారే, అదే.

ఆ రోజుల్లో ఫోనులో కుట్టుపనివాళ్ళ గుంపు ఒకటి ఉండేది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఏ మిషను కొనాలని ఎవరో అడిగితే వందమంది వంద రకాలుగా చెప్పారు. సూదక్కకు ఒళ్ళు మండింది. కూర్చుని పేజీన్నర టైపు చేసింది. ఏ మిషనులో ఏ గేరు ఉంటుంది, ఏది రెండేళ్ళకు పోతుంది, దేనికి సామాన్లు దొరకవు, అన్నీ రాసింది. ఇంకా రాయమని జనం వెంటపడ్డారు. వేరే ఊళ్ళో బడిపిల్లల బట్టలు కుట్టే ఒకావిడ దారి చూపించింది. సొంతంగా ఒక వెబ్‌సైట్ పెట్టుకుని, ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీ దగ్గర పేరు నమోదు చేసుకుంటే, వాళ్ళు నీ పేరు మీద లింకులు ఇస్తారు. ఎవరైనా ఆ లింకు నొక్కి మిషను కొంటే ధర పెరగదు, కంపెనీ మాత్రం తన లాభంలోంచి నీకు కమీషన్ ఇస్తుంది. దాన్ని అఫిలియేట్ అంటారని ఆవిడ చెప్పింది.

గ్రంథాలయంలో గంట చొప్పున కంప్యూటరు ఇస్తారు. రోజూ తలుపులు తీసేసరికి సూదక్క అక్కడ ఉండేది. ప్రతి వ్యాసం పైనా ఒకే మాట రాసేది: "ఈ లింకు నొక్కి కొంటే నాకు కమీషన్ వస్తుంది. ఇష్టం లేనివాళ్ళు మీ వీధిలోనే కొనుక్కోండి, కానీ గేరు చూసి కొనండి." ఓనరు గర్వంగా అమ్మే మిషను గురించి, "ఇది దిండు గలీబులు కుట్టడానికి సరిపోతుంది, అదీ దిండ్లు తక్కువ ఉన్న ఇంట్లో" అని రాసింది.

వీడియోలు చెయ్యమని అందరూ చెప్పారు. రాతలు చదివే ఓపిక ఈ రోజుల్లో ఎవరికుందన్నారు. ఆమె వినలేదు. కుడుతుండగా మిషను ఆగిపోయిన మనిషికి కావలసింది ఒక్క ముక్క, దాని కోసం పది నిమిషాలు నా సోది వినాలా అంది. మొహం కనిపించని మనిషి మాట ఎవరు నమ్ముతారని అన్నయ్య అడిగాడు.

"మొహం కనిపించే ఓనరునే కదన్నయ్యా ఇన్నాళ్ళూ నమ్మారు" అంది.

ఏడెనిమిది నెలలు పెద్దగా ఏమీ రాలేదు. తరవాత జనం వెతుకుతుంటే ఆమె రాతలు ముందుగా కనపడటం మొదలైంది. ఒక నెల షోరూము జీతంలో సగం వచ్చింది, ఇంకో నెల అంతకు మించి వచ్చింది. వదిన గొంతు మెత్తబడింది. అసలు ముప్పు అక్కడే వచ్చింది. సైటులోని లింకు నొక్కి లోపలికెళ్ళి ఏం కొన్నా కమీషన్ వస్తుందని, సూదక్కకు చెప్పకుండా వదిన ఇంటికి కావలసినవన్నీ కొనేసింది. దుప్పట్లు, మిక్సీ, అన్నయ్యకు బూట్లు, చివరికి చీపుర్లు కూడా. అన్నీ అదే చిరునామాకు వచ్చాయి. సొంత ఇంటివాళ్ళు ఆ లింకుతో కొనకూడదన్నది కంపెనీ నియమం. వారం తిరక్కుండానే ఖాతా రద్దయినట్టు ఫోనుకు మెయిలు వచ్చింది. రావలసిన కమీషను కూడా ఇచ్చేది లేదన్నారు.

సూదక్క ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. వదిన వెనక్కి తిరక్కుండానే, నీ మంచికే చేశాననీ, ఇంటి డబ్బు ఇంట్లోనే ఉంటుందనుకున్నాననీ చెప్పింది.

"నా మంచి ఏదో నన్ను అడగాలి వదినా."

"అడిగితే చెప్తావా? నువ్వు నోరు తెరిస్తే పూలు రాలతాయి మరి."

అప్పటిదాకా పేపరు చదువుకుంటున్న అన్నయ్య తలెత్తాడు. ఇద్దరినీ ఆపుతాడనుకుంది సూదక్క.

"పోతే పోయింది, పీడ విరగడైంది. ఓనరుతో నేను మాట్లాడాను. రేపెళ్ళి ఆయన కాళ్ళమీద పడు, మళ్ళీ తీసుకుంటానన్నాడు" అన్నాడాయన.

వదిన చేసింది తెలివితక్కువ పని, అంతే. నోరు లేని అన్నయ్య చాటుగా వెళ్ళి ఆ ఓనరును బతిమాలి రావడమే ఆమెకు ఎక్కడో తగిలింది. ఆ మధ్యాహ్నమే ఇనుప పెట్టె ఆటోలో వేసుకుని, లాండ్రీ మేడ మీద ఒంటి గదిలోకి మారిపోయింది. ఆ గదిలోకి కింది ఇస్త్రీల వేడంతా వచ్చేది. కంపెనీకి ఏడు ఉత్తరాలు రాసింది. ఏడింటికీ ఒకటే జవాబు వచ్చింది, మనిషి రాసినట్టు కూడా లేదు. ఇంకో కంపెనీలోను, విడిభాగాలు అమ్మే ఒక చిన్న సంస్థలోను చేరింది. అరవైకి పైగా వ్యాసాల్లో పాత లింకులు ఒక్కొక్కటే తీసి కొత్తవి పెట్టడానికి మూడు వారాలు పట్టింది.

ఇంతలో ఓనరు కూడా వెబ్‌సైట్ పెట్టించాడు. ఆయన అల్లుడు తయారుచేశాడు. నేను మిషను బెల్టు కోసం వెతుకుతూ దాన్ని చూశాను. చదువుతుంటే ఎక్కడో విన్న గొంతులా అనిపించింది. తరవాత ఫోటోలు చూశాను. మిషను అడుగున తిరిగే షటిల్ పట్టుకున్న చెయ్యి, చూపుడువేలి గోరు నడిమికి చీలి ఉంది. ఎప్పుడో సూది దిగిన సూదక్క వేలు అది. మా వీధిలో ఆ వేలు ఎరగనివాళ్ళు లేరు. ఆమె సైటులోంచి ప్రతి మాటా, ప్రతి బొమ్మా ఎత్తేశారు. ఒక్కటే మార్చారు. ఆమె వద్దన్న మిషన్లన్నిటినీ అక్కడ కొనమన్నారు.

లాండ్రీ మెట్లెక్కి ఆమెకు చూపించాను. కూర్చోమనలేదు. చివరిదాకా చూసి, "నిన్నెవరు పంపారు?" అంది. ఎవరూ పంపలేదన్నాను. నమ్మినట్టు లేదు. చెప్పులు వేసుకుని దిగింది. నేను నాలుగడుగులు వెనక నడిచాను.

షోరూములో కొనేవాళ్ళు ఉన్నారు. ఆమె ఫోను కౌంటరు మీద పెట్టి, పక్కనే తన వేలు ఆనించింది.

"ఇది మీ అల్లుడి వేలా, నాదా?"

ఓనరు నవ్వబోయాడు. "వేళ్ళదేముంది, అందరివీ ఒకేలా ఉంటాయి."

"ఐదు వేళ్ళూ ఒకేలా ఉండవని మీరే కదా చెప్పేవారు, నేను జీతం పెంచమన్నప్పుడల్లా."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మొహం మాడిపోయింది. తన మిషన్ల పరువు తీసినందుకు కేసు పెడతానన్నాడు. పెట్టమంది, కోర్టులోనే మిషను విప్పి చూపిస్తానంది. రాతలు తీసేయమంటే ఆయన తీయనన్నాడు. అప్పుడామె తన అసలు ఫోటోలు, తేదీలతో సహా, ఆయన సైటుకు చోటిచ్చిన కంపెనీకి పంపింది. పది రోజులకు ఆ పేజీలు మాయమయ్యాయి. కేసు మాత్రం రాలేదు.

దానికి బదులు ఆమె సైటు కింద బూతులు మొదలయ్యాయి. కొత్త కొత్త పేర్లతో, ఒకే రకం అక్షరదోషాలతో. ఆమె ఒక్కటీ తీసేయలేదు. మొగుడు లేనిదానికి మిషన్ల గోలెందుకని ఒకడు రాశాడు. "మొగుళ్ళున్న ఇళ్ళలో కూడా ఆ గేరే విరుగుతోంది" అని కింద జవాబిచ్చింది. ఆ జవాబులు చదవడానికే కొందరు వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళలో కొందరు లింకులు నొక్కేవాళ్ళు.

అన్నయ్య ఒకసారి మేడెక్కి వచ్చాడు. ఇంటికి రమ్మన్నాడు. సూదక్క ఉన్న ఒక్క గ్లాసులో మంచినీళ్ళిచ్చి, ఓనరుతో మాట్లాడటానికి వెళ్ళే ముందు తననొక మాట అడిగి ఉండాల్సిందని చెప్పి పంపించేసింది. నా సంగతికొస్తే, మిషను చూడమని ఆ మధ్య బతిమాలాను. "అంతా రాసిపెట్టాను, చదువుకో" అంది. చదువుకున్నాను. పావుగంటలో నేనే బాగుచేసుకున్నాను. అది ఆమె సాయమో కసో ఇప్పటికీ తెలియదు.

షోరూము ఇంకా నడుస్తూనే ఉంది. వచ్చినవాళ్ళు మూత విప్పి గేరు చూపించమంటున్నారు, ఓనరు పళ్ళు నూరుకుంటూ చూపిస్తున్నాడు. అటువైపు నడిచినప్పుడల్లా ఆమె రోడ్డు మధ్య నుంచి నడుస్తుంది, ఆయనకు కనపడేలా.

కిందటి నెల కొత్త కంపెనీ మిషన్ల మీద కమీషన్ సగానికి తగ్గించింది. సూదక్క రెండు రోజులు లెక్కలు వేసుకుంది. మూడో రోజు మిషన్లు వదిలి, కింది దారం పెట్టే బాబిన్ కేసుల్లాంటి విడిభాగాల గురించి రాయడం మొదలుపెట్టి, లాండ్రీ మెట్ల దగ్గర ఒక చెక్క బోర్డు తగిలించింది: "మిషన్లు బాగుచేయబడును. బేరం లేదు." ఆ పూటే ఇద్దరు వచ్చారు. ఒకరి మిషను బాగుచేసింది, ఇంకొకరితో పోట్లాడి పంపించేసింది.