ముఖ్య అతిథి రాకముందే

మా ఇంటి వెనకే కాలేజీ మైదానం. ఇవాళ పొద్దున్నే అక్కడ మైకు మొదలైంది. ముందు కీచుమని ఒక ఈల, తర్వాత గరగర, ఆ తర్వాత అరిగిపోయిన ఒక గొంతు: "మరికొద్ది క్షణాల్లో మన ముఖ్య అతిథి గారు విచ్చేయనున్నారు. దయచేసి అందరూ ఎక్కడివారక్కడే ఉండవలసిందిగా కోరుతున్నాం." కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఆ మాట విలేకరిగా నా ఉద్యోగకాలంలో కొన్ని వేలసార్లు వినుంటాను. చాలా ఏళ్ళు అది నాకు ఫ్యాను చప్పుడులాంటిది. ఇప్పుడు వింటే ఒళ్ళు మండుతుంది. మండాలని నేర్పింది మంగతాయారు టీచరు గారు.

కొన్నేళ్ళ కిందట ఇదే మైదానంలో, ఇదే మాట మైకులో నాలుగోసారో అయిదోసారో వినపడుతుండగా, ఆవిడ వేదిక పక్కనుంచి దిగి ట్రాక్ మీదికి నడిచారు. నేత చీర, కాళ్ళకి కాన్వాసు బూట్లు. ట్రాక్ మొదట్లో ఎనభై ఏళ్ళు దాటిన ఏడెనిమిది మంది పెద్దవాళ్ళు ఎండలో నిలబడి ఉన్నారు. పరుగు మొదలుపెట్టించే మాస్టారు చేతిలో క్లాపర్ ఉంది. రెండు చెక్కల్ని తుపాకి పేలినట్టు టపీమని కొట్టే సాధనం అది. ఆయన కొట్టడానికి భయపడుతున్నాడు. ఆవిడ దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని, "ఎనభై పైబడినవారి వంద మీటర్లు. సిద్ధం," అని కొట్టేశారు. జ్యోతి వెలిగించలేదు, కొబ్బరికాయ కొట్టలేదు, ముఖ్య అతిథి రాలేదు. పెద్దవాళ్ళు పరిగెత్తారు.

ఆ చప్పుడుతోనే మా ఊరు రాజమండ్రికి రావలసిన అంతర్జాతీయ పోటీలు పోయాయని ఇవాళ్టికీ అనేవాళ్ళున్నారు. ఆవిడ ఇప్పుడు లేరు కాబట్టి జవాబు చెప్పేవాళ్ళు లేరని వాళ్ళ ధైర్యం. ఆవిణ్ణి ఎన్నడూ చూడని వాళ్ళ కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మంగతాయారు గారు ఆడపిల్లల హైస్కూల్లో వ్యాయామం టీచరుగా చేసి రిటైరయ్యారు. రిటైరయ్యాక వెటరన్ పోటీల్లో డిస్కస్ విసరడం మొదలుపెట్టారు. ముప్ఫై అయిదేళ్ళు దాటిన ఎవరైనా ఈ పోటీల్లో దిగొచ్చు. అయిదేళ్ళకొక విభాగం ఉంటుంది, మన ఈడువాళ్ళతోనే మనం పోటీ పడతాం. ఆవిడ నాకు పరిచయమైంది పోట్లాటతోనే. ఒకరోజు మా పత్రిక ఆఫీసుకి వచ్చి, జిల్లా పేజీ నా బల్ల మీద పరిచారు.

"ఏమయ్యా, ఇది రాసింది నువ్వేనా?"

"నేనేనండి."

"పైకి చదువు."

చదివాను. వెటరన్ పోటీల వార్త. ప్రారంభించిన వారి పేరు, వారి ప్రసంగం, వేదిక మీద ఆసీనులైన వారి పేర్లు, వందన సమర్పణ చేసిన వారి పేరు, చివర 'తదితరులు పాల్గొన్నారు'. మా దగ్గర అందరూ అలాగే రాసేవాళ్ళు, నాకు ముందున్నవాళ్ళూ అలాగే రాశారు.

"డిస్కస్ ఎవరు విసిరారు? ప్రారంభించినాయన విసిరాడా?"

ఆఫీసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

"నేను విసిరానయ్యా. నీ వార్తలో నేను తదితరుల్లో ఉన్నాను."

మా డెస్కు ఇన్‌చార్జి సర్దిచెప్పబోయాడు. "వేదిక మీదివాళ్ళ పేర్లు వెయ్యకపోతే మర్నాడు పొద్దున్నే ఫోన్లండి, మేడమ్."

"ఓహో, ఫోన్లొస్తే వేస్తారా? అయితే రేపట్నుంచి నేనూ చేస్తాను."

చేశారు. ఆటల వార్త ఏది పడినా మర్నాడు కాఫీ వేళకి ఫోను. "మూడో పేరాలో గెలిచిన పిల్ల పేరొచ్చింది. అప్పుడే మూడో పేరా దాకా వచ్చారే, సంతోషం." ఆ వెటకారం పడలేక మా ఇన్‌చార్జే ఒకరోజు, "గెలిచినవాళ్ళని పైన రాసెయ్యవయ్యా, నా ప్రాణం పోతోంది," అన్నాడు.

పోటీల్ని ఇక్కడికే తేవాలన్న ఆలోచన గవర్రాజు గారి వల్ల పుట్టింది. ఆయన కాలవ లాకుల దగ్గర తలుపులెత్తి దించే లస్కరుగా చేసి రిటైరైన మనిషి. కోరుకొండ గుడి మెట్లెక్కి దిగడమే ఆయన ప్రాక్టీసు. దేశం మొత్తం మీద తన విభాగంలో రెండుసార్లు గెలిచి, రెండుసార్లూ విదేశాల్లో జరిగే అంతర్జాతీయ పోటీలకి ఎంపికై, రెండుసార్లూ వెళ్ళలేకపోయారు. ఈ పోటీలకి ఎవరి ఖర్చు వాళ్ళే పెట్టుకోవాలి. రెండోసారి ఊళ్ళో పెద్ద సభ పెట్టి ఆయనకి సన్మానం కూడా చేశారు.

"శాలువా కప్పారండి. టిక్కెట్టు మాత్రం ఎవరూ కప్పలేదు, ఆయ్," అని ఆయనే నవ్వించేవారు. ఆ నవ్వు మంగతాయారు గారికి పడేది కాదు. ఒకరోజు ప్రాక్టీసయ్యాక ట్రాక్ అంచున కూర్చుని, "మీరు అక్కడికి పోలేకపోతే వాటినే ఇక్కడికి తెస్తాను గవర్రాజు గారూ," అన్నారు. అందరం వేళాకోళం అనుకున్నాం. ఆయన మాత్రం, "తొందరేం లేదండి. ఎనభై దాటినాళ్ళ గుంపులో ఇప్పుడు నేనే కుర్రోణ్ణి," అన్నారు.

కమిటీ అంటే జీతం భత్యం లేని మేమే. రిటైరైన మాస్టార్లు, ఒక డాక్టరు గారు, భీమవరం వైపు రొయ్యల చెరువులున్న రామరాజు గారు, ప్రచారానికి నేను. రాజమండ్రిలో రామరాజు గారి రొయ్యల మేత దుకాణం వెనక షెడ్డులో కూర్చునేవాళ్ళం. ఇంటికెళ్ళినా చొక్కాకి ఆ మేత వాసన వదిలేది కాదు. పోటీలు మా ఊరికిమ్మని దరఖాస్తు పెట్టడానికి అంతర్జాతీయ సంఘం పంపిన ప్రశ్నలకి జవాబులు తయారుచెయ్యాలి. ట్రాక్ ఎలా ఉంది, ఆసుపత్రి ఎంత దూరం, బస ఎక్కడ, ఇలాంటివి. రామరాజు గారు బస దగ్గర ఆగకుండా భోజనాల్లోకి వెళ్ళిపోయేవారు. ఏర్పాట్లు చూడ్డానికి ఆ సంఘం పరిశీలకులు వచ్చిన పూట ఏం వడ్డించాలో ఆయన దగ్గర పెద్ద ప్రణాళిక ఉంది. ఆత్రేయపురం నుంచి పూతరేకులు వేసే మనిషిని పిలిపించి, వాళ్ళ కళ్ళముందే వేయిస్తానన్నారు.

"రాజు గారూ, వచ్చేది వియ్యాలవారు కాదండి. వాళ్ళు చూడ్డానికొచ్చేది ట్రాక్‌ని," అన్నారు ఆవిడ.

"అదేంటండీ టీచరు గారూ, మనూరొచ్చి తినకుండా పోతే మనకేం మర్యాదండీ?"

"మర్యాద పరిగెత్తేవాళ్ళకి చెయ్యండి. తర్వాత మీ ఇష్టం."

పరిగెత్తేవాళ్ళకి మర్యాదంటే ఆవిడ లెక్కలో ఏమిటో నేను వెంట తిరిగి చూశాను. ఊళ్ళో కల్యాణమండపాలన్నీ తిరిగారు. మేనేజరు ఏసీ హాలు, షాండ్లియరు చూపించబోతే, "బాత్రూము చూపించు బాబూ," అనేవారు. లోపలికెళ్ళి, కమోడు మీద కూర్చుని, చేతులు ఆనించకుండా లేవడం సాధ్యమా కాదా అని చూసుకునేవారు. "మోకాళ్ళు అరిగినవాళ్ళొస్తారయ్యా. పట్టుకోడానికి గోడకి కడ్డీ లేకపోతే పొద్దున్న ఇక్కడే పోటీ అయిపోతుంది." ఇంకోరోజు మమ్మల్నందర్నీ మిట్టమధ్యాహ్నం మైదానానికి రమ్మని, ట్రాక్ మీద ఊరికే నిలబెట్టారు. అందరికన్నా ముందు నీడకి పరిగెత్తింది డాక్టరు గారు. "చూశారా? పోటీకి దిగినవాణ్ణి ఎండలో నిలబెట్టకూడదు. పరుగు పిలిచేదాకా నీడలోనే ఉండాలి. ఇది రాసుకోనక్కర్లేదు, మీ మాడు గుర్తుపెట్టుకుంటుంది," అన్నారు.

అన్నీ కుదిరాయి. మిగిలింది ప్రభుత్వ అంగీకార పత్రం. అది లేకపోతే మా దరఖాస్తు చెల్లదు. దాన్ని తెప్పించగల పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. పేరెందుకు, అలాంటివారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళింటి వరండాలో చాలాసేపు కూర్చున్నాక లోపలికి పిలిచారు. మర్యాదగానే మాట్లాడారు. "మా చెల్లెలు మీ స్టూడెంటే కదండీ టీచరు గారూ. పత్రం నేను తెప్పిస్తాను. పరిశీలకులు వచ్చిన రోజు మీరు ట్రయల్ పోటీలు పెడతారుగా, వేదిక మీద అందరి ముందూ మీ చేతికిస్తాను."

బయటికొచ్చాక ఆవిడ, "తెచ్చింది తెచ్చినరోజే ఇవ్వొచ్చుగా?" అన్నారు.

"పెద్దోళ్ళు కదండీ. నలుగుర్లో ఇస్తే వారికీ బాగుంటుందని," అన్నారు రామరాజు గారు.

అలా ఆ పెద్దమనిషి ముఖ్య అతిథి అయ్యారు.

ఆ రోజు పరిశీలకులిద్దరూ చెప్పిన వేళకే వచ్చారు. ఒకావిడ, ఒకాయన. ముఖ్య అతిథి రాలేదు. బయల్దేరారని ఒకసారి, దారిలో ఉన్నారని ఒకసారి ఫోను. ఆయన అడుగుపెట్టగానే పరుగు మొదలైతే అందంగా ఉంటుందని ఆయన మనుషులే పెద్దవాళ్ళని నీడలోంచి లేపి గీత దగ్గర నిలబెట్టారు. మంగతాయారు గారు వెనక్కి పంపబోతే రామరాజు గారు చేతులు పట్టుకున్నారు. "ఒక్క పది నిమిషాలు ఓర్చుకోండి టీచరు గారూ. ఆ కాయితం చేతికొచ్చేదాకానండీ." ఆవిడ గవర్రాజు గారి వైపు చూశారు. ఆ కాగితం ఆయన కోసమే. ఆగారు.

పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. పరిశీలకురాలు వేదిక దిగొచ్చి నన్నడిగింది, వీళ్ళనెందుకు నిలబెట్టారని. ముఖ్య అతిథి కోసమని చెప్పాను. ఆవిడ నిజంగానే అర్థంకాక అడిగింది: "ఆయన ఏ విభాగంలో పరిగెడతారు?" నేను జవాబు చెప్పేలోపే, తుని నుంచి వచ్చిన ఒక పెద్దాయన మోకాళ్ళ మీద కూలబడ్డారు. డాక్టరు గారు పరిగెత్తారు. పెద్దాయన్ని నీడకి చేర్చి నీళ్ళు పట్టారు, కాసేపటికి తేరుకున్నారు. మైకు మాత్రం ఆగలేదు. "మరికొద్ది క్షణాల్లో..."

అప్పుడే మంగతాయారు గారు క్లాపర్ తీసుకున్నారు.

గవర్రాజు గారు రెండోవారుగా వచ్చారు. ఆ తర్వాత పోటీలన్నీ ఒకదాని వెంట ఒకటి నడిచాయి. ఆడవాళ్ళు డిస్కస్ విసురుతుండగా గేటు దగ్గర కార్లు ఆగాయి. పోటీలు ముందే మొదలయ్యాయని ఎవరో చెప్పారు. అద్దం దిగింది, అద్దం పైకి పోయింది, కార్లు వెనక్కి తిరిగాయి. పత్రం ఆ కార్లోనే ఉందని ఆయన పి.ఏ. తర్వాత చెప్పాడు.

సాయంత్రం షెడ్డులో రామరాజు గారికి ఏడుపొక్కటే తక్కువ. కోపంలో కూడా ఆయనకి 'అండి' వదలదు. "ముంచేశారు కదండీ టీచరు గారూ! ఇన్నాళ్ళ కష్టం గోదాట్లో కలిపేశారు కదండీ! ఇంకాస్త ఓపిక పడితే ఈ గవర్రాజు గారే కదండీ పరిగెత్తేది!"

గవర్రాజు గారే లేచారు. "నా పేరు చెప్పి మీరు కొట్టుకోకండి, ఆయ్. ఇంకాస్త నిలబెడితే అంతర్జాతీయానికి కాదండి, తిన్నగా కైలాసభూమికే పోయేవోణ్ణి."

రాత్రి కాకముందే ఆవిణ్ణి స్కూటరు మీద ఇంటి దగ్గర దింపాను. గేటు తీస్తూ అన్నారు: "ఆ కాయితం చూసి ఆగానయ్యా. మనిషి కూలబడ్డాక గానీ నాకు కోపం రాలేదు. కోపం రావలసింది ఆయన పడకముందు." పరుగు తొందరపడి మొదలుపెట్టారని రామరాజు గారు ఆవిణ్ణి నిందిస్తుంటే, ఆవిడ ఆలస్యం చేశానని కుమిలిపోతున్నారు. అంతకుముందు దాకా కోపాన్ని నేనొక దుర్గుణం అనుకునేవాణ్ణి. విలేకరికి కోపం ఉండకూడదని మాకు చెప్పేవారు. మంచివాళ్ళకి కోపం ఆలస్యంగా వస్తుందని, ఆ ఆలస్యంలోనే ఎండలో నిలబడ్డవాళ్ళు కూలబడతారని ఆ గేటు దగ్గర తెలిసింది.

పరిశీలకులు మంచి నివేదికే ఇచ్చారు. క్రీడాకారుడి ప్రాణానికి వేదిక కన్నా విలువిచ్చిన నిర్వాహకులని ప్రత్యేకంగా రాశారు. అంగీకార పత్రం జత చేస్తే చాలు, ముందుకు పోవచ్చన్నారు. ఆ పత్రం కోసం ఆవిడ ఎన్ని ఆఫీసుల మెట్లెక్కారో నాకు తెలుసు, సగం నేనూ ఎక్కాను. ఎవరూ కాదనలేదు. "పరిశీలనలో ఉందండి మేడమ్," అనేవారు, కుర్చీ కూడా వేసేవారు. ఆడమనిషి కోపానికి ఊరంతా ఒక అవకాశం పోగొట్టుకుందని మాత్రం టీకొట్ల దగ్గర బాగా చెప్పుకున్నారు. కారు తిప్పుకుపోయినాయన కోపం గురించి ఒక్కరూ ఎత్తలేదు. ఆయన కోపానికి హోదా అని పేరు.

పోయిన వానాకాలంలో ఆవిడ నిద్రలోనే పోయారు. సంతాపసభ పెట్టారు. ముందు వరసలో ఖాళీ కుర్చీ, దాని మీద తెల్ల తువ్వాలు. ఫోటోకి దండ ఇంకా వెయ్యలేదు. మైకులో ఒకాయన ముఖ్య అతిథి గారు దారిలో ఉన్నారని ప్రకటించాడు. ఆవిడ సంతాపసభలో! నేను లేచేలోపే వెనక వరసలోంచి గవర్రాజు గారు చకచకా నడిచివచ్చి, దండ తీసి ఫోటోకి వేసేశారు. వెనకే రామరాజు గారు లేచారు. ఆయన కళ్ళు తుడుచుకుంటూ పూలు వేశారు. తర్వాత అందరూ.

పూలన్నీ అయిపోయాక ఆ పెద్దమనిషి వచ్చారు. టీచరు గారి పేరు మీద అంతర్జాతీయ పోటీలు మన ఊళ్ళోనే జరిపించి తీరతానని మైకులో మాటిచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ సభ వార్త రాసేటప్పుడు మొదటి పేరు గవర్రాజు గారిది పెట్టాను, వచ్చినవాళ్ళవి ఎన్ని పేర్లు పడతాయో అన్నీ పెట్టాను. పెద్దమనిషిని తదితరుల్లో కలిపాను. మర్నాడు పొద్దున్నే ఫోనొచ్చింది, అవతలివైపు ఆయన మనిషి. నాకు కాఫీ వేళ ఆవిడ చేసే ఫోన్లు గుర్తొచ్చాయి. అవునండి, కావాలనే రాశానని చెప్పి పెట్టేశాను.

ఇది రాస్తుండగా వెనక మైదానంలో ఆ గొంతు మళ్ళీ అదే మాట చెబుతోంది. కిటికీలోంచి చూస్తే యూనిఫాంలో పిల్లలు ఎండలో వరసలు కట్టి ఉన్నారు. చెప్పులేసుకుని వెళుతున్నాను.

అంగీకార పత్రం ఇంకా రాలేదు. గవర్రాజు గారు ఇప్పుడు ఎనభై అయిదు దాటినవాళ్ళ గుంపులో కుర్రవాడు.