కిరాయి గదుల వెనకగోడ

డెబ్బైల మొదట్లో ఇస్నాపూర్‌లో మా వాడకూ ఊరికీ మధ్య ఒక జొన్నచేను ఉండేది. గట్టు మీద నడిస్తే ఐదు నిమిషాల్లో ఊళ్లో ఉండేవాళ్లం. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు రాగానే ఆ చేను ఆసామి జొన్నలు మానేసి, ఈ చివర నుంచి ఆ చివరదాకా కిరాయి గదులు కట్టించాడు. తలుపులన్నీ ఊరివైపు, వెనకగోడ మావైపు. మా మొహాలు చూడటం ఆ మహానుభావుడికి ఇష్టం లేదు కాబోలు. ఇక మాకు మిగిలినవి రెండే దారులు. కుంటగట్టు మీదుగా అరగంట నడక, లేదా పెద్దల అరుగుల ముందు నుంచి పోయే గల్లీ. ఆ గల్లీలో మా వాడవాళ్లు చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి.

అమ్మ చెప్పులు విప్పేది కాదు, అందుకే ఆ గల్లీలో నడిచేదీ కాదు. చర్చి దవాఖానలో ఆయాగా చేరి, కాన్పులు చేయడం నేర్చుకుని, తన కష్టంతో కొనుక్కున్న చెప్పులవి. ఉప్పు తేవాలన్నా కుంటగట్టు మీదుగానే పోయేది. ఆమె మొండితనానికి నా కాళ్లు పీకేవి.

గాలి కోసం ఆ వెనకగోడలో ప్రతి గదికీ పైన రెండిటుకల సందు వదిలారు. మా ఇంటికెదురుగా ఉన్న సందులోంచి ఒకరోజు గాజుల చెయ్యి బయటికొచ్చింది. కొంచెం చింతచిగురు దొరుకుతుందా అని ఒక బొంగురు గొంతు అడిగింది. లేత్ మిషన్ మీద పనిచేసే ఒక సాయిబు భార్యట. అప్పటి నుంచి అమ్మ రాయి ఎక్కి జొన్నరొట్టె అందిస్తే, అటు నుంచి సేమియా వచ్చేది. ఒకరి మొహం ఒకరు చూడకుండానే ఏడాదిపాటు కష్టసుఖాలు చెప్పుకున్నారు. ఆ గొంతును బట్టి అమ్మ ఆమెను తన ఈడుదే అనుకుని చెల్లె అని పిలిచేది, ఆమె అమ్మను అక్క అన్నట్టు ఆపా అనేది.

ఒక మధ్యాహ్నం ఆ సందులోంచి ఏడుపు వినిపించింది. నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. భర్త డ్యూటీలో ఉన్నాడు, పక్కగదులకు తాళాలు.

"ఆపా, జల్దీ రా."

అమ్మ నా చెయ్యి పట్టుకుని పరుగెత్తింది, కుంటగట్టు వైపు కాదు, గల్లీలోకి. అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. నేను గమనించాను, ఆమె గమనించలేదు.

తలుపు తోస్తే, చాప మీద పద్దెనిమిదేళ్లయినా నిండని పిల్ల. అమ్మ గడపలోనే ఆగిపోయింది.

"గింత చిన్నదానివా బిడ్డా నువ్వు?"

పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. గది బయట కూర్చుని ఆ పసి ఏడుపు విని నేనూ ఏడ్చేశాను.

తిరిగొస్తూ గల్లీ మొదట్లో అమ్మ పాదాలు చూశాను. చెప్పులమ్మా, అన్నాను మెల్లగా. ఆమె కిందికి చూసుకుంది. అరుగుల మీద ఆసామితో సహా అందరూ మాకోసమే కూర్చున్నట్టున్నారు. నేను భయంతో అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"వచ్చెటప్పుడు మర్సిపోయి ఏసుకొచ్చిన," అంది అమ్మ, వాళ్లకు వినబడేలాగే. "ఇప్పుడు యాదుంచుకొనే ఏసుకపోతున్న."

తల ఎత్తుకుని, తొందరపడకుండా నడిచింది. గల్లీ దాటేదాకా ఆమె నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో నాకొక్కదానికే తెలుసు.