ఫిల్మ్‌నగర్ గుట్ట మీద నా ఒపేరా

తొంభైల మొదట్లో సంగతి ఇది. అప్పట్లో సికింద్రాబాద్‌లో ఒక బడిలో సంగీతం చెప్పేదాన్ని. చిన్నప్పుడు చర్చిలో పియానో వాయించే టీచరు దగ్గర ఒపేరా నేర్చుకున్నాను. మైకు లేకుండానే హాలంతా నిండేలా గొంతెత్తి పాడే పాశ్చాత్య గానం అది. ఏళ్ళ తరబడి సాధన చేశాను గానీ, వినేవాళ్ళే దొరకలేదు. కృష్ణానగర్‌లో చిన్న గదిలో ఉంటూ సినిమాలకు కీబోర్డు వాయించే ప్రసాద్ ఒక్కడే, "అక్కా, నీ గొంతూ నా సింథసైజరూ కలిపి చూద్దాం" అని వెంటపడ్డాడు. దయ్యం సినిమా తీస్తున్న నిర్మాత ఒకాయన, వింతగా ఉంటే తీసుకుంటానన్నాడట. నచ్చితే సంగీత దర్శకుడిగా ప్రసాద్‌కి అదే మొదటి సినిమా అవుతుంది. అందుకే బయల్దేరాను.

పొద్దున్నే సిటీబస్సెక్కి అమీర్‌పేటలో దిగి, అక్కడ ఆటో మాట్లాడుకున్నాను. జూబ్లీహిల్స్ ఎత్తు మొదలవగానే ఇంజను మూలిగింది.

"మీటర్ మీద జర ఎక్కువియ్యాలె మేడం. గీ గుట్టల మీదికెల్లి వాపస్ కిరాయి దొరకది," అన్నాడు డ్రైవరు. నేను స్వరాలు గొణుక్కోవడం విని, "పాటలు పాడ్తరా? ఏ సినిమాల పాడిన్రు?" అని అడిగాడు.

"ఇంకా ఏ సినిమాలోనూ లేదు."

అద్దంలోంచి నావైపు జాలిగా చూశాడు.

ఫిల్మ్‌నగర్‌లోని రికార్డింగ్ థియేటర్లో వేరే సినిమా డబ్బింగ్ నడుస్తోంది. బెంచీ మీద కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. దగ్గర్లో హోటల్ లేదు, టీలతోనే కడుపు నింపుకున్నాను. మా వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. గ్రైండర్ రొద, రైలు కూత ప్రసాద్ ముందే టేపు మీద పట్టి, సాగదీసి, వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు. వాటి మీద సింథసైజర్ మోగుతుంటే నేను పాడాలి. మొదట్లో నా గొంతు ఎక్కడ ఆగిందో, యంత్రం ఎక్కడ అందుకుందో నాకే తెలియలేదు. తీరా పై స్వరం దగ్గరికొచ్చేసరికి గొంతు చీలిపోయింది.

"ఆ కేక బ్రహ్మాండంగా ఉందమ్మా!" అన్నాడు నిర్మాత. "అదొక్కటీ చాలు. పాట వద్దు."

ప్రసాద్ ముఖం మాడిపోయింది. "తీసుకుంటే మొత్తం తీసుకోండి సార్. ముక్క ఇవ్వను."

నాకు వాదించే ఓపిక లేదు. "ఇచ్చెయ్ ప్రసాద్."

"అది నీ గొంతు తప్పిన చోటక్కా."

"తప్పినా నా గొంతే కదా. ఇచ్చెయ్."

తిరుగు బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడే కునుకు తీశాను. రికార్డింగుకు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: ఇంటి నుంచే తిండి కట్టుకెళ్ళండి, గొంతు అలిసిపోకుండా మీ వంతు వచ్చేదాకా ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకండి.

సినిమా విడుదలయ్యాక ఒక్కదాన్నే మ్యాట్నీకి వెళ్ళాను. తెర మీద పాడుబడ్డ మేడ తలుపు తెరుచుకుంది, నా గొంతు చీలింది, హాలంతా కెవ్వుమంది. అన్నేళ్ళ సాధనకు దక్కింది ఆ ఒక్క క్షణమే. అది తక్కువో ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. పక్కసీట్లో ముక్కూ మొహం తెలియని ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"భయమేస్తోందండీ," అంది.

"నాకూనండీ," అన్నాను. ఆవిడ వదిలేదాకా చెయ్యి అలాగే ఉంచాను.