ఎర్మెలిందా తిట్లు, ప్రభుత్వం మాత్రలు

ప్రభుత్వాన్ని తిట్టకుండా దొన్నా ఎర్మెలిందా చిటికెడు ఉప్పు కూడా అమ్మేది కాదు. తమాషా ఏమిటంటే ఆ కొట్టు నడిచేది ప్రభుత్వ లైసెన్సు మీద, ఆ ఉప్పు ప్రభుత్వానిది. పొగాకూ ప్రభుత్వానిదే. గుమ్మం మీద రాజముద్ర వేసిన రేకు బోర్డూ ప్రభుత్వానిదే. సరిగ్గా ఆ బోర్డు కిందే కుర్చీ వేసుకుని, పన్నెండేళ్లుగా రోములో కూర్చున్నవాళ్ల ఏడు తరాలనూ దులిపేస్తోంది. వాన పడితే ప్రభుత్వం దొంగ. పడకపోతే వాననూ మింగిన గజదొంగ. కోడి గుడ్లు పెట్టడం మానేస్తే, గుడ్డు మీద పన్ను వేస్తారని భయపడి మానేసిందని తేల్చేది.

ఊరి డాక్టరు ఫెర్రీనికి ఆమె పేరు వింటేనే ఒళ్లు మండేది. ఉత్తరాది నుంచి వచ్చిన కుర్రవాడు, అబద్ధమాడటం చేతకాని మనిషి. కిందటి వేసవిలో జమీందారు బారన్‌గారి చిత్తడి పొలాల్లో కోతలకు వెళ్లిన పదకొండు మంది మలేరియాతో పోయారు. వాళ్లను బతికించగల క్వినైన్ మాత్రలు ప్రభుత్వం పంపితే, ఎర్మెలిందా కొట్లోనే అటక మీద పడి ఉన్నాయి. కూలీల్లో ఒక్కడు ముట్టుకుంటే ఒట్టు. మనల్ని పీక్కుతినే ప్రభుత్వం మందెందుకిస్తుంది, బీదాళ్లను వదిలించుకోవడానికి విషం పంపింది అని ఊరంతా నమ్మింది.

ఈ జూన్‌లో వీతో అనేవాడు జ్వరంతో మంచానపడ్డాడు. కూలివాడు, పెళ్లాం ఆరు నెలల గర్భిణి. మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడుతున్నాయి. డాక్టరు మాత్ర నోటిదాకా తెస్తే గోడవైపు తిరిగిపోయాడు.

"ఎర్మెలిందమ్మ చెప్పింది కదండీ, ఆళ్లిచ్చేదేదీ నమ్మొద్దని" అన్నాడు.

డాక్టరు అక్కణ్ణించి తిన్నగా కొట్టుకు వెళ్లాడు. బేరాలకు వచ్చినవాళ్లను బయటికి పంపి తలుపు మూశాడు.

"మీ నోరే వాణ్ణి చంపుతోంది. ఆ పదకొండు మందినీ అదే చంపింది."

ఎర్మెలిందా ఎవర్నీ తిట్టలేదు. ఆ వింత ఊళ్లో అంతకుముందు ఎవరూ చూసి ఎరగరు. వీతోకి ఎన్ని రోజులుందని మాత్రం అడిగింది. ఇలాగే వదిలేస్తే వారం కూడా కష్టమన్నాడు డాక్టరు.

మర్నాడు పొద్దున్నే కుర్చీని చర్చి ముందు కూడలికి లాక్కొచ్చి, దాని మీద ఎక్కి నిలబడింది. నిమిషంలో ఊరు మూగింది.

"ఒరేయ్ దద్దమ్మల్లారా, బారన్‌గారి పెత్తందారు ఈ మాత్రలు నా కొట్లోనే కొంటాడ్రా. ఆడి పిల్లలు రోజూ పొద్దున్నే మింగుతారు. ఒక్కడన్నా చచ్చాడా? కూలోళ్లకి ఊరికే ఇయ్యాలని చట్టముందంట. ఇచ్చాడా? చట్టం రాసినోళ్లు ఎందుకియ్యలేదని అడిగారా? మీరు బతకడం ఆళ్లెవరికీ ఇష్టం లేదు. ఆళ్లని ఏడిపించాలంటే మింగండి."

ఆ ఊపులోనే మాత్ర పట్టుకుని వీతో గుడిసెకు నడిచింది. ఊరంతా వెనకాలే.

"ఇది మింగితే ఆళ్లకి కోపమొస్తదా అమ్మా?" అన్నాడు వీతో నీరసంగా.

"రోములో ఒక్కడికీ అన్నం సయించదు."

వీతో మింగాడు. మధ్యాహ్నానికి కొట్టు ముందు బారు తీరారు. చేదుకు మొహం చిట్లించినవాడికల్లా మంత్రుల మీద ఒక కొత్త తిట్టు వినిపించేది. ఆ నవ్వులో మాత్ర దిగిపోయేది. ఆ వేసవిలో మలేరియాతో ఒక్కరు కూడా పోలేదు.

సెప్టెంబరులో వచ్చిపడింది ముప్పు. జిల్లా అధికారి సంతకంతో, ఎర్ర లక్క వేసిన ఉత్తరం. ఎర్మెలిందా దాన్ని శాలువాలో దాచుకుని దొడ్డిదారిన డాక్టరు దగ్గరికి వచ్చి, కళ్లజోడు మరిచిపోయానని చదివించుకుంది. జిల్లాలో అందరికన్నా ఎక్కువ మాత్రలు అమ్మినందుకు ప్రభుత్వం ఆమెను మెచ్చుకుంటోంది. వచ్చే ఆదివారం బ్యాండుమేళంతో సన్మానం.

డాక్టరు సంతోషంగా చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని తోసేసింది.

"కొంప ముంచారు కదయ్యా. ప్రభుత్వం నన్ను మెచ్చుకుందని తెలిస్తే రేపణ్ణించి ఒక్కడూ మింగడు. వీతోగాడికి జ్వరం మళ్లీ తిరగబెడుతోంది. ఆడికి నిన్ననే కూతురు పుట్టింది." గొంతు తగ్గింది. "ఏదో ఒకటి చెయ్యి నాయనా."

పన్నెండేళ్ల తిట్లలో ఆమె తన కోసం తిట్టుకున్నది ఒక్కటీ లేదని డాక్టరుకు అప్పుడు తట్టింది. నోరెత్తలేనివాళ్ల ఏడుపే ఆమె నోట తిట్టయింది. టోపీ పెట్టుకుని లేచాడు.

కూడలిలో అందరి ముందూ ఎర్ర లక్క కనిపించేలా ఉత్తరం పైకెత్తి చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎర్మెలిందా అనే నోటి దురుసు ఆడమనిషి మాత్రలు అమ్మి, ప్రభుత్వానికి తలవంపులు తెస్తున్నందున, ఇకమీదట ఒక్క మాత్ర కూడా అమ్మరాదని హెచ్చరించడమైనది."

కూడలి భగ్గుమంది. కూలీలు కొట్టు మీదికి విరుచుకుపడ్డారు. అందరికన్నా ముందు వీతో, ఒక చేత్తో గోడ పట్టుకుని రెండో చెయ్యి చాపాడు.

"నాకియ్యమ్మా. ఆళ్లేం చేస్తారో నేనూ చూస్తా."

సాయంత్రం లోపే మాత్రలన్నీ అయిపోయాయి. ఇంకో నాలుగు పెట్టెలు వెంటనే పంపమని డాక్టరు ప్రభుత్వానికి రాశాడు. సన్మానానికి మాత్రం దొన్నా ఎర్మెలిందాకు ఒంట్లో బాగాలేదని రాశాడు. ఆ రోజు అది అతని రెండో అబద్ధం.