తడి ఇసుకకు ఒకటి, ఆటస్థలానికి ఒకటి

మా గరాజ్‌లో కారు పట్టదు. ఒక గోడంతా నా మెటల్ డిటెక్టర్లే ఉంటాయి. పొడవాటి పిడి, పిడి చివర పళ్ళెంలాంటి కాయిల్, పైన అంకెలు చూపించే చిన్న తెర. ఆడమనిషికి ఇదేం సరదా అని దేశం దాటి వచ్చి మేముంటున్న వెర్రిబీలో మా వీధిలోవాళ్ళు నన్ను వింతగా చూసేవాళ్ళు. నాకైతే ఇందులో వింతేమీ కనిపించదు. మాది కర్నూలు జిల్లాలో తొలకరి పడగానే జనం చేలల్లో వజ్రాల కోసం వెతికే ప్రాంతం. చిన్నప్పుడు మా అమ్మ వెంట నేనూ ఎర్రనేలలో వంగి వంగి నడిచాను. వజ్రం ఎప్పుడూ దొరకలేదు. నేలను చూస్తూ నడిచే అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇక్కడ ల్యాబ్‌లో నాతోపాటు పనిచేసే ఒకావిడ ఒక ఆదివారం బల్లారట్ ఊరి అవతల పాత బంగారు గనుల వైపు తీసుకెళ్ళింది. ఆమె చేతిలో డిటెక్టర్ కుయ్‌మంటే నా గుండె ఝల్లుమంది. మరుసటి నెలలోనే నేనూ ఒకటి కొన్నాను. కాయిల్ ఎంత పెద్దదైతే అంత లోతుకు చూస్తుందని అంగట్లో చెప్పారు. ఇంకేం, అన్నిటికన్నా పెద్దది తెచ్చుకున్నాను. గనుల దగ్గర అది బాగానే పనిచేసింది. అక్కడి ఎర్రమట్టిలోనే ఇనుము ఉంటుంది కాబట్టి మామూలు మెషిన్లు ఊరికే గోల పెడతాయి. ఇది ఆ మట్టిని పట్టించుకోదు. కాని దానికి బంగారానికీ తుప్పు మేకుకూ తేడా తెలియదు. రోజంతా తవ్వితే గుప్పెడు మేకులు, తుపాకీ రవ్వలు దొరికేవి.

"ఇంత దూరం వచ్చి పాత ఇనుము ఏరుకుంటాండావే," అని మా ఆయన నవ్వేవాడు.

సముద్రపు ఒడ్డుకు వెళ్ళినప్పుడు ఇంకో పాఠం నేర్చుకున్నాను. ఉప్పునీటితో తడిసిన ఇసుక కూడా మామూలు మెషిన్‌కు లోహంలాగే వినిపిస్తుంది. అక్కడికి ఒకేసారి రకరకాల సిగ్నళ్ళు పంపే మెషిన్ కావాలి. దానికి కాయిల్స్ మార్చుకోవచ్చు. ఖాళీ ఇసుకలో త్వరగా నడవడానికి పెద్దది బిగించాలి. పార్కుల్లాంటి చెత్త ఎక్కువున్న చోట చిన్నది బిగించాలి. చెత్తలో పెద్ద కాయిల్ కింద సీసా మూత, డబ్బా రేకు, నాణెం అన్నీ ఒకేసారి పడి, ఎవరి మాటా అర్థంకాని పెళ్ళింటి సందడిలా ఉంటుంది. చిన్న కాయిల్ ఒక్కొక్కరితో విడిగా మాట్లాడుతుంది. ఇవన్నీ తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. తెలుసుకుని సాధించిందేమిటంటే, కొన్ని నాణేలు, ఒక వెండి చెంచా, బొమ్మ కార్లు.

జనవరి చివరి లాంగ్ వీకెండ్‌లో ఒక మధ్యాహ్నం గరాజ్ ముందు కూర్చుని కాయిల్‌కు అంటిన మట్టి తుడుస్తున్నాను. మాకు మూడిళ్ళ అవతల ఉండే అమ్మాయి చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకుంటూ వచ్చింది. వాళ్ళది హైదరాబాద్. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు, నాతో తెలుగు. భర్త మందుల షాపులో పనిచేస్తాడు. చంకలో నెలల బాబు, ఆ పైన ఐదేళ్ళ పాప.

"అక్కా, నీ మెషిన్ తీస్కొని జర వస్తవా? పాప చెవి మెషిన్ పోయింది," అంది.

పాపకు పుట్టుకతోనే వినపడదు. ఏడాది వయసులో ఆపరేషన్ చేసి ఒక చెవి లోపల పరికరం అమర్చారు. బయట చెవి వెనక, జుట్టులో, రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్ద గుండ్రటి మెషిన్ ఒకటి అయస్కాంతంతో తలకు అంటుకుని ఉంటుంది. అది ఉంటే పాప అందరిలాగే వింటుంది, వాగుతుంది కూడా. అది లేకపోతే ఏమీ వినపడదు. వాళ్ళ దగ్గరున్న రెండోది రిపేర్‌కు వెళ్ళింది. సెలవులు అయ్యేదాకా క్లినిక్ తెరవరు. క్లినిక్ తెరిచే రోజే పాప బడిలో మొదటి రోజు.

"ఎక్కడ పోయిందో తెలుసా?"

"అదే తెల్వదక్కా. పొద్దున బీచ్‌కి పోయినం. ఆడికెళ్ళి పార్కుకి. నెత్తి మీద టోపీ ఉండె. ఇంటికొచ్చి టోపీ తీస్తే లేదు."

పాప గేటు దగ్గర నాన్న చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. తల్లి ముఖంలోకి, తండ్రి ముఖంలోకి, నా ముఖంలోకి మార్చి మార్చి చూస్తోంది. అప్పటికే ఇద్దరూ ఎక్కడ పడేశావు, ఎక్కడ పడేశావు అని సైగలు చేసి అడిగీ అడిగీ భయపెట్టినట్టున్నారు. పెదవులు బిగించుకుని ఉంది.

నాకు ముందు ఒక మాట తట్టింది. "అయస్కాంతం అదనంగా ఏమైనా ఉందా ఇంట్లో?" అని అడిగాను. ఉంది. తలకు సరిపడేలా మార్చుకోవడానికి క్లినిక్‌వాళ్ళు ఇచ్చిన చిన్న బిళ్ళ. తండ్రి పరుగున వెళ్ళి తెచ్చాడు. దాన్ని గడ్డిలో పెట్టి డిటెక్టర్ దాని మీదుగా ఊపాను. తెర మీద వచ్చిన అంకెను, చెవిలో వినిపించిన మోతను గుర్తు పెట్టుకున్నాను. అసలు మెషిన్ మోత కొంచెం వేరుగా ఉండొచ్చు కాని, ఏమీ తెలియకుండా బయలుదేరడం కన్నా నయం. బిళ్ళను జేబులో వేసుకున్నాను.

"యాడికి ముందు?" అన్నాడు మా ఆయన కారు తాళాలు తీస్తూ.

"బీచ్‌కే. ఆటుపోట్లు పార్కులో ఉండవు కదా. నీళ్ళు పైకొస్తే ఇంక దొరకదు."

పెద్ద కాయిల్ బిగించాను. చిన్నది సంచిలో వేసుకున్నాను.

వెర్రిబీ సౌత్ బీచ్‌లో వాళ్ళు పొద్దున దుప్పటి పరుచుకున్న చోటు చూపించారు. గొడుగు నీడ ఎటు పడిందో, పాప ఎక్కడ గుంత తవ్విందో ఆ అమ్మాయి గుర్తు చేసుకుంటూ చెప్పింది. నేను ఒక చివర నుంచి మొదలుపెట్టి, దుక్కి దున్నినట్టు వరస తప్పకుండా నడిచాను. పొడి ఇసుకలో గుడారం మేకు ఒకటి, సీసా మూతలు, చెవిపోగు తాలూకు తీగ దొరికాయి. కుయ్‌మన్న ప్రతిసారీ ఆ తండ్రి నా పక్కన మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులతో ఇసుక తోడేవాడు. మూత చూసి, "పర్వాలేదు," అని నాకే ధైర్యం చెప్పేవాడు. నాకు అతని ముఖంలోకి చూడబుద్ధి కాలేదు.

నీళ్ళు పైకొస్తున్నాయి. తడి ఇసుకలోకి దిగాను. మెషిన్ గోల పెట్టకుండా శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. మామూలుగా ఆ నిశ్శబ్దం నాకు సంతోషం. ఆరోజు మాత్రం ఒక్కసారి మోగితే బాగుండునని దాన్ని బతిమాలుకున్నాను. పాప తవ్విన గుంత మీదికి అల వచ్చి దాన్ని పూడ్చేసి వెళ్ళింది. అప్పటికే దాన్ని రెండుసార్లు వెతికి ఉన్నాను కాబట్టి, అక్కడ లేదు అని గట్టిగా చెప్పగలిగాను. మనసులో మాత్రం అంత గట్టిగా లేను.

"పార్కుకు పోదాం," అన్నాను.

ఇక్కడ జనవరి అంటే వేసవి కావడంతో ఇంకా మంచి వెలుతురు ఉంది. పార్కులో ఎవరో కుటుంబం బార్బీ అనే పొయ్యి దగ్గర మాంసం సాసేజ్‌లు కాలుస్తున్నారు. ఆటస్థలం నేలంతా, పిల్లలు పడినా దెబ్బ తగలకుండా పరిచిన చెక్క పెళ్ళలు. ఉయ్యాలలకు ఇనుప స్తంభాలు. పెద్ద ప్లాస్టిక్ జారుడుబల్ల, దాని పైకెక్కడానికి ఇనుప కాళ్ళ మీద నిలబెట్టిన అరుగు. పెద్ద కాయిల్‌తో స్తంభానికి గజం దూరంలో ఉండగానే మెషిన్ చెవులు చిల్లులు పడేలా అరిచింది. అక్కడే కూర్చుని కాయిల్ మార్చాను. ఎప్పుడూ వెతికేది ఎవరికీ అక్కర్లేని వస్తువులనే కదా. పోయిన వస్తువు కోసం ఇంతమంది నన్ను చూస్తూ నిలబడటం నాకు అదే మొదటిసారి.

చిన్న కాయిల్‌తో స్తంభాలకు జానెడు దూరం దాకా వెళ్ళగలిగాను. ఉయ్యాలల కింద వెతికాను. బెంచీ చుట్టూ వెతికాను. అక్కడ తవ్వే పని లేదు, పెళ్ళలు చేత్తో పక్కకు జరిపితే చాలు. నాణెం దొరికింది, జడపిన్నులు దొరికాయి. నా మనసులో ఉన్న మోత మాత్రం వినిపించలేదు. జారుడుబల్ల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ అరుపులు. ఆ ఇనుప కాళ్ళ పక్కన ఏ కాయిల్ అయినా చేతులెత్తేయాల్సిందే. అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని ఒట్టి చేతులతో వెతకడం మొదలుపెట్టాను.

పాప నా పక్కకు వచ్చి కూర్చుంది. ఇంతసేపూ దూరంగానే ఉంది. నా హెడ్‌ఫోన్స్ వైపు చూసి, మెల్లగా చెయ్యి చాపి డిటెక్టర్ పిడి మీద అరచెయ్యి ఆనించింది. అది మోగితే చేతికేమైనా తెలుస్తుందనుకుందేమో. అప్పుడు నాకు తట్టింది, ఈ పిల్లకు మేం దేనికోసం ఇలా తిరుగుతున్నామో ఎవరమూ నెమ్మదిగా అర్థమయ్యేలా చెప్పలేదు. ఆ పిల్ల చూసిందల్లా కోపంగా కనిపించే ముఖాలు, ఇసుక తోడే నాన్న, కర్ర ఊపుతూ తిరిగే ఈ ఆంటీ.

జేబులోంచి అయస్కాంతం బిళ్ళ తీసి పాపకు చూపించాను. నవ్వడానికి ప్రయత్నించాను. నా చెవి వెనక పెట్టుకున్నట్టు అభినయించి, రెండు చేతులూ తిప్పి ఏది అన్నట్టు అడిగాను. పాప ఆ బిళ్ళ తీసుకుంది. ఇనుప కాలి దగ్గర పెట్టింది. అది టక్కున అతుక్కుంది. పాప దాన్ని చూసి, నన్ను చూసి, నేను కోపంగా లేనని నిర్ధారించుకుని, వంగి అరుగు కిందికి దూరింది.

నేనూ తల వంచి చూశాను. అరుగు అడుగున అడ్డంగా ఉన్న ఇనుప పట్టీకి, పాప చెయ్యి అందేంత ఎత్తులో, గోధుమరంగు గుండ్రటి మెషిన్ బల్లిలా అతుక్కుని ఉంది. దాని అంచున ఒక చిన్న దీపం ఇంకా మిణుకుమంటోంది.

"దొరికింది," అన్నాను. మా ఆయన విని అందరికీ చెప్పాడు.

ఆ అమ్మాయి బాబును మా ఆయన చేతుల్లో పెట్టేసి అరుగు కిందికి వచ్చింది. మెషిన్‌ను చూసి అక్కడే పెళ్ళల్లో కూర్చుండిపోయింది.

"ప్లాస్టిక్ జారుడుబల్ల మీద ఇది పెట్టుకొని జారొద్దక్కా. కరెంటు పుడ్తది, మెషిన్ ఖరాబైతది అన్నరు. ఎప్పుడూ నేనే తీసి జేబుల పెట్టుకుంట. ఈ రోజు బాబుకి పాలిస్తుంటి. పాపే తీసి భద్రంగ పెట్టుకున్నది," అంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

అమ్మ చెప్పిన జాగ్రత్తను ఐదేళ్ళ పిల్ల చెప్పినట్టే పాటించింది. తర్వాత స్నేహితురాలు ఎవరో పిలిస్తే మరిచిపోయి పరుగెత్తింది. ఇంటికొచ్చాక అందరూ మీదపడి అడిగేసరికి ఏదో పెద్ద తప్పు చేశాననుకుని నోరు మూసుకుంది. అంతే జరిగింది.

తండ్రి మెషిన్‌ను చొక్కాతో తుడిచి, పాప జుట్టు పక్కకు తీసి పెట్టాడు. అది అతుక్కుంది. పాప కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి, తర్వాత మామూలయ్యాయి.

"వినిపిస్తుందా బేటా?" అన్నాడు తండ్రి.

"మమ్మీ ఈజ్ క్రైయింగ్ టూ లౌడ్," అంది పాప విసుగ్గా.

తల్లి కళ్ళు తుడుచుకుని పాపను ఒళ్ళోకి లాక్కుంది. "ఏడుస్తలేను. ఏడుస్తలేను. నువ్వే మంచిగ పెట్టినవ్, మేమే అడగలే," అంటూ వీపు నిమిరింది. పాపకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. "ఐ పుట్ ఇట్ సేఫ్," అంది. ఆ మాట రెండు మూడుసార్లు చెప్పుకుంది, తనకు తాను ధైర్యం చెప్పుకున్నట్టు.

ఆ తండ్రి నా దగ్గరికి వచ్చి, నా డిటెక్టర్‌కు అంటిన చెక్క పొట్టును దులిపాడు. నేను, "పాపే కదా చూపించింది," అన్నాను. ఒళ్ళంతా తేలికైపోయింది. బార్బీ దగ్గరున్న కుటుంబంలోంచి ఒకాయన వచ్చి ఏం పోయిందని అడిగాడు. చెప్పాం. ఆయన చాలా సంతోషపడి మాకందరికీ చల్లటి నీళ్ళ సీసాలు ఇచ్చాడు. మధ్యాహ్నం నుంచి ఎవరమూ మంచినీళ్ళు తాగలేదని అప్పటిదాకా గుర్తే రాలేదు.

తిరుగు ప్రయాణంలో పాప మా కార్లో ఎక్కుతానంది. వెనక సీట్లో నా పక్కన కూర్చుని, ఈ కర్రకు పేరేంటి, ఇది డైనోసార్ ఎముకలను కూడా కనిపెడుతుందా, ఆంటీ నువ్వు బడికి వెళ్ళావా, బడిలో టాయిలెట్ ఎక్కడుంటుంది అని ఒకదాని వెంట ఒకటి అడుగుతూనే ఉంది. నాకు తెలిసినవాటికి చెప్పాను, తెలియనివాటికి తెలియదన్నాను. మా ఆయన రేడియో పెట్టబోయి, అద్దంలో పాపను చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.