దింపినామన్న మాట

నాకు కాలు ఒకచోట నిలవదు. కండెలు చుడుతూ కూర్చుంటే వీధిలో ఏం జరుగుతోందోనని, వీధిలోకి పోతే ఇంట్లో ఏమవుతోందోనని ఒకటే యావ. ఈ గుణం మా జేజిది, మా నాయనను కన్నతల్లిది. కడప జిల్లాలోని మా నేతవాళ్ల వీధిలో సముద్రం చూసినవాళ్లు లేరు. అయినా గాలి రేగిందంటే జేజి రాట్నం వదిలేసి గడపలోకి వచ్చేది.

"ఈ గాలికి ఆ ఓడ యాడుండాదో!"

ఆ ఓడ పోయి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. కరువులో జొన్నల బండ్లను అడ్డగించిన గుంపులో మా తాత ఉన్నాడని ద్వీపాంతర శిక్ష వేసి ఓడ ఎక్కించారు. తర్వాత కబురు లేదు. నల్లనీళ్లు దాటినవాడు పోయినవాడితో సమానం, గాజులు తీసెయ్యమన్నారు కులపెద్దలు. "ఓడ దిగినాడో లేదో తెలీకుండా నేనెందుకు తీస్తానప్పా" అని జేజి మొండికేసింది. ఆ పెద్దలు మా గడప తొక్కితే నాకు ఒళ్లు మండేది.

అలా ఉండగా పక్కింటి దూదేకులామె తండ్రి, ముసలితనంలో మద్రాసు నుంచి కూతురి దగ్గరికి వచ్చాడు. వయసులో ఓడల్లో ఖలాసీ. ఇక జేజి ఆయన్ను కుదురుగా కూర్చోనిస్తేగా! ఆయన మొదట ఎక్కింది తెరచాపలెత్తి గాలికి నడిచే ఓడట.

"ముందు మీ గుడ్డల మూటలే మోసిందమ్మా, రంగూన్ దాకా. వచ్చేటప్పుడు బియ్యం. బేరాలు పడిపోయినాక సర్కారోళ్లు బాడుగకు తీసుకొని, మూటలు పెట్టే అడుగున ఇనుప కడ్డీలు కొట్టించి ఖైదీలను ఎక్కించినారు. శానా ఏండ్లు అదే పని. కడాకు కట్టెల కింద అమ్మేసినారు."

"మా కడప పక్కోళ్లు ఎవురన్నా ఎక్కినారా?"

"ఒకాయన ఉండె. మగ్గం పనోడు. తెరచాప చినిగితే బేడీలు తీసి పైకి పిలుస్తాంటిమి. ఎడమచేత్తో కుడతాండె."

జేజి చేతిలోని కండె జారిపోయింది. తాతది ఎడమచేతి వాటం.

"ఏ రేవులో దిగినాడప్పా?"

ముసలాయన తల వంచుకున్నాడు. "జరమొచ్చె. నడిమధ్యలోనే దింపినామమ్మా."

జేజి ముఖం వెలిగిపోయింది. మా ఇళ్లలో చీర మగ్గం దిగిందంటే పని క్షేమంగా ముగిసిందని అర్థం. "జరమొస్తే నడిమధ్యలో యాడో ఊరు చూసి దింపినారంట!" అని వీధంతా చెప్పుకొచ్చింది. నడిసముద్రంలో ఊరేమిటి? నాకు అర్థమైంది. జేజికి చెప్పలేక, ఇంట్లోకీ బయటికీ తిరుగుతూనే ఉన్నాను.

మర్నాడు మళ్లీ గాలి రేగింది. జేజి గడపలోకి రాలేదు. మా నాయన అప్పుడే చీరను కోసి మగ్గం నుంచి దింపాడు. మడిచి, మట్టి అంటకుండా పాతగుడ్డలో చుట్టాడు. జేజి ఆ చుట్టనే చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి పక్కింటికి నడిచింది. నేను వెనకే పరుగెత్తాను.

"నీళ్లలోకి దింపేటప్పుడు దేంట్లో చుట్టినారప్పా?" అని అడిగింది.

ముసలాయన కళ్లు నిండాయి. "ఆయన కుట్టిన చాపలోనే, తల్లీ."

"అయితే కుట్టు ఊడిపోయిండదు" అంది జేజి. అక్కడే అరుగు మీద నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని, గాజులు ఒక్కొక్కటే తీసి నా ఒళ్లో పెట్టింది.