పోపులపెట్టెలో ఫుట్‌బాల్ పాఠం

ఇందుమూలముగా సమస్త జనులకూ తెలియజేయునది ఏమనగా... అమెరికన్ ఫుట్‌బాల్‌లో సెంటర్ అనే మనిషి వంగి బంతి అందించనిదే ఆట మొదలవదు. ఈ విషయమై ఇకపై ఎవరికీ సందేహం ఉండరాదు. ఉన్నవారికి మా ఇంట్లో ఆవకాయ వడ్డించబడదు.

మా చిన్నప్పుడు... ఎనభైల మొదట్లో, డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో... శనివారం వచ్చినా, నవంబర్‌లో థ్యాంక్స్‌గివింగ్ పండగ వచ్చినా ఐదారు తెలుగు కుటుంబాలు మా ఇంట్లోనే. కార్ల కంపెనీల్లో ఇంజనీర్లుగా చేసే అంకుల్స్ టీవీ ముందు. ఆంటీలు వంటింట్లో. మగపిల్లలు పెరట్లో ఫుట్‌బాల్. ఆడపిల్లలం మాత్రం బేస్‌మెంట్‌లో, ముక్కులు కారే పసివాళ్ళకి కాపలా.

నాకప్పుడు పదేళ్ళు. ఆ కాపలా ఉద్యోగం వదిలించుకోవాలని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. ఆ ఏడు థ్యాంక్స్‌గివింగ్‌కి నా అదృష్టం పండి, పెరటి జట్టులో ఒకడికి ఆటలమ్మ పోసింది...

మా అన్నయ్య గోపి నాకంటే మూడేళ్ళు పెద్ద. నన్ను వంటింటి మూలకి లాక్కెళ్ళాడు.

"చిట్టీ, సెంటర్ ఆడతావా? ఒక్క టచ్‌డౌన్ చెయ్యి, ఇంక ఎవ్రీ సాటర్‌డే నువ్వు మా టీమే. నో బేస్‌మెంట్."

"నాకు రూల్స్ రావుగా అన్నయ్యా."

"సో ఈజీ. కూర్చో, చూపిస్తా."

అమ్మ పోపులపెట్టె తెరిచాడు. నేల మీద ఐదు శనగపప్పు బద్దలు వరసగా పేర్చాడు. ఇది లైన్... అవతలివాళ్ళు వచ్చి మీద పడకుండా తోసేవాళ్ళు. మధ్య బద్ద సెంటర్, అంటే నేను. కాళ్ళ మధ్య నుంచి బంతి వెనక్కి ఇస్తాను. వెనకాల ఎండుమిరపకాయ... అది క్వార్టర్‌బ్యాక్, అంటే తను. ఎర్రగా, పొడుగ్గా, అందరికంటే గొప్పగా! పక్కన మెంతిగింజ, బంతి చేతికి తీసుకుని గుద్దుకుంటూ పరిగెత్తేవాడు. రెండు చివర్లా రెండు ఆవగింజలు, దూరంగా ఉరికి విసిరిన బంతి పట్టేవాళ్ళు. అసలు ఆటలో జట్టుకి పదకొండు మంది. మాకు ఐదుగురే దిక్కు.

నాలుగు ఛాన్సులు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకి జరిగితే మళ్ళీ నాలుగు. జరక్కపోతే బంతి అవతలివాళ్ళది. మా పెరట్లో గజాలు కొలిచే నాథుడు లేడు గనక మేపుల్ చెట్టే గుర్తు. చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. దాని తర్వాత కొసరుగా ఇంకొక్క ఛాన్స్.

"మరి నేనెప్పుడు చేస్తా టచ్‌డౌన్?"

"లాస్ట్ ఛాన్స్‌లో బంతి నాకిచ్చి పరిగెత్తు. నీకే విసురుతా. ప్రామిస్."

ఇంతలో అమ్మ... "అక్కడ నూనె కాగిపోతుంటే నా పెట్టె నేల మీద పరిచారేమర్రా!" అని పెట్టె లాక్కుంది. పాఠం అయిపోయింది.

నేను తర్వాత కాలేజీ సగంలో మానేశాను గానీ, ఆ పాఠం మాత్రం ఒక్క గింజ కూడా మర్చిపోలేదు.

మంకీ క్యాప్ పెట్టుకుని సాయంత్రం దాకా వంగి వంగి బంతి ఇచ్చాను. వేళ్ళు కొయ్యబారాయి. ఎవడి మోచెయ్యో తగిలి పెదవి చిట్లింది. అయినా సరే... బేస్‌మెంట్ కంటే నయం.

స్కోరు సమానం. మాది నాలుగో ఛాన్స్. అన్నయ్య నా చెవిలో, "ఇప్పుడే చిట్టీ."

బంతి ఇచ్చాను. పరిగెత్తాను. గీత దాటి వెనక్కి తిరిగితే నా దరిదాపుల్లో ఒక్కడూ లేడు! ఎందుకు లేడో బుర్రకి తట్టలేదు. రెండు చేతులూ చాపాను. అన్నయ్య నన్నే చూశాడు... నా కళ్ళలోకే చూశాడు...

బంతి ప్రసాద్‌కి విసిరాడు.

ప్రసాద్ పక్కవీధి అంకుల్ కొడుకు. టచ్‌డౌన్. అందరూ వాణ్ణి ఎత్తుకుని గెంతుతున్నారు.

"నాకు విసురుతానన్నావు కదా!"

"పాస్ విసిరితే సెంటర్ పట్టకూడదే. రూల్ అది. నీకు విసిరితే మనకే పెనాల్టీ."

"ముందే చెప్పొచ్చుగా?"

"చెప్దామనే అనుకున్నా. అమ్మ పెట్టె లాక్కుందిగా."

ప్రసాద్ పళ్ళికిలించాడు. "ఏయ్ చిట్టీ, మార్నింగే డిసైడ్ చేశాం, బాల్ నాకేనని."

అదీ సంగతి. శనగపప్పు బద్దకి తప్ప అందరికీ తెలుసు.

కొసరు ఛాన్స్ ఇంకా మిగిలి ఉంది. బంతి ఇవ్వాల్సింది మళ్ళీ నేనే. నీళ్ళు తాగొస్తానని బంతితో సహా వంటింట్లోకి వెళ్ళాను. ఆవకాయ జాడీ మూత తీశాను. పైన తేలిన ఎర్ర నూనె బంతికి శుభ్రంగా పట్టించాను. వచ్చి వంగాను, ఇచ్చాను. బంతి అన్నయ్య చేతుల్లోంచి సబ్బుముక్కలా జారింది. ఆ చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు పాపం... ఇంక పెరడంతా ఒకటే చిందులు!

ఆ శనివారం నేను మళ్ళీ బేస్‌మెంట్‌లోనే ఉన్నాను.

ఇప్పుడు అన్నయ్య టెక్సస్‌లో, కాపెల్‌లో ఉంటాడు. తన చిన్నకూతురు స్కూల్లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడుతుంది... బంతి పట్టుకున్నవాళ్ళని ఆపాలంటే నడుముకి కట్టిన గుడ్డ లాగితే చాలు, తోసుకోవడాలు లేవు. ఆడపిల్లలకే ఒక జట్టు. మొన్న వీడియో పంపాడు. మా మేనకోడలు వంగి బంతి ఇచ్చింది, పరిగెత్తింది, చేతులు చాపింది, పట్టింది. ఆ ఆటలో సెంటర్ కూడా పట్టొచ్చట. వెనకనుంచి అన్నయ్య గొంతు చించుకుని అరుస్తున్నాడు, "దానికి విసరండి! దానికే!" అని. ఫోన్ చేసి అడిగాను... ఆ థ్యాంక్స్‌గివింగ్ తనకి గుర్తే లేదు.

మీకూ సగం రూల్సే చెప్పి ఆటలోకి దింపినవాళ్ళు ఉండే ఉంటారు. కింద రాయండి, కలిసి తిట్టుకుందాం...

ఆఁ, ఒక్కమాట. ఆవకాయ నూనె సంగతి మొత్తం నా కల్పనే. నలభై ఏళ్ళుగా అందరికీ అలాగే చెబుతూ వచ్చాను. నిజానికి ఆ రోజు అన్నయ్య "రెడీ?" అన్నాడు. నేను ముక్కు తుడుచుకుని, వంగి, బంతి సరిగ్గా తన చేతుల్లోకే ఇచ్చాను.